పవర్ స్టీరింగ్ గుర్రుమంటుంటే
పాత పికప్‌కి పవర్ స్టీరింగ్ పెట్టించాక, రాణిగంజ్ సందుల్లో బండి తిప్పినప్పుడల్లా పంపు గుర్రుమంటోందా? కొత్త పంపు కొనేముందు పైపుల్లో గాలి తీసి చూడండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద నిలపండి. ఇంజన్ ఆఫ్‌లోనే ఉంచి, పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా ఓ 20 సార్లు తిప్పాలి. బుడగలు పైకొచ్చేకొద్దీ ఆయిల్ దిగుతుంది, పోస్తూ ఉండాలి. ఇంకో మనిషి తోడుంటే సుఖం. బుడగలు ఆగాకే స్టార్ట్ చేసి మరో నాలుగైదు సార్లు తిప్పండి, చివరన మాత్రం నొక్కి పట్టొద్దు.

ఆయిల్ ఇంకా నురగగానే ఉంటే ఎంత తిప్పినా లాభం లేదు. డబ్బా నుంచి పంపుకెళ్లే పైపు క్లిప్పు వదులై గాలి పీలుస్తోందేమో చూసుకోండి.