పెరట్లో కోడిపిల్లలను పెంచడం ఎలా? తొలి ఆరు వారాల జాగ్రత్తలు

పెట్ట తన పిల్లలను రెక్కల కింద పొదువుకుని వెచ్చదనాన్నీ కాపలానూ తానే చూసుకుంటుంది. హేచరీ (గుడ్లను యంత్రాల్లో పొదిగించే కేంద్రం) నుంచి తెచ్చుకున్న ఒకరోజు పిల్లలకు ఆ తల్లి ఉండదు కనుక ఆ బాధ్యత అంతా పెంచేవారిదే. మొదటిసారి పెంచేవారు మేత గురించి ఎంతో ఆలోచిస్తారు గానీ, మొదటి వారంలో పిల్లల ప్రాణం నిలబెట్టేది ముఖ్యంగా వెచ్చదనమే.

పిల్లల ఎంపిక

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటి పెంపకానికి ఉద్దేశించినవే. గుడ్లే ముఖ్యమనుకుంటే గ్రామప్రియను, మాంసం కూడా కావాలనుకుంటే వనరాజాను ఎంచుకోవచ్చు. మొదటిసారికి పది నుంచి ఇరవై పిల్లలు చాలు. కళ్లు చురుకుగా ఉండి, బొడ్డు పూర్తిగా మూసుకుపోయి, నిటారుగా నిలబడుతున్న పిల్లలనే తీసుకోవాలి. కోళ్లకు పక్షవాతం తెచ్చే మారెక్స్ వ్యాధి టీకాను హేచరీలోనే వేస్తారు కనుక, వేశారో లేదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

వెచ్చని గూడు

పిల్లలు ఇంటికి రావడానికి ముందు రోజే గూడు సిద్ధం కావాలి. గాలి నేరుగా కొట్టని గదిలో రెండు మూడు అంగుళాల మందాన పొడి వరి ఊక పరచి, చుట్టూ అడుగున్నర ఎత్తున అట్టను గానీ రేకును గానీ గుండ్రంగా నిలపాలి. మూలలుంటే పిల్లలన్నీ అక్కడికే చేరి ఒకదాని కింద ఒకటి నలిగి ఊపిరాడక చనిపోతాయి. అందుకే గుండ్రంగా ఉంచాలి. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు ఊకను మేత అనుకుని తినకుండా దానిమీద కాళ్లు జారని కాగితం పరచాలి. నున్నటి కాగితం మీద కాళ్లు జారి, పక్కలకు చాచుకుపోయే ప్రమాదం ఉంది.

పిల్లకు రెండు వాట్ల లెక్కన ఫిలమెంట్ బల్బు వేలాడదీయాలి. ఇప్పుడు ఇళ్లలో వాడుతున్న ఎల్‌ఈడీ బల్బు వెలుగునిస్తుంది గానీ ఈ పనికి చాలినంత వేడినివ్వదు. మొదటి వారం బల్బు కింద పిల్లల ఎత్తులో దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గేలా బల్బును పైకి జరుపుతూ పోవాలి.

థర్మామీటర్ ఉన్నా లేకపోయినా పిల్లలను చూడటం మానకూడదు. అవి బల్బు కింద గుంపుగా ముడుచుకుని ఆగకుండా అరుస్తుంటే చలి వేస్తున్నట్లు; గోడ వారకు పోయి, రెక్కలు దించి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్లు. గూడంతా పరచుకుని కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే వెచ్చదనం సరిపోయినట్లు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల మధ్యాహ్నాల్లో బల్బు ఆర్పేయవలసి వస్తుంది. అదే డిసెంబరు రాత్రి తెల్లవారుజామున కూడా లేచి ఒకసారి చూడాలి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి గూట్లో పెట్టవచ్చు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు, దాని పొగ పిల్లలకూ మనుషులకూ ప్రాణాంతకం.

నీళ్లు, మేత

గూట్లో వదిలేటప్పుడు ఒక్కొక్క పిల్ల ముక్కును గోరువెచ్చని నీటిలో మెల్లగా ముంచితే తాగడం నేర్చుకుంటుంది. దూరం నుంచి తెచ్చిన పిల్లలకు తొలి పూట నీటిలో కొంచెం బెల్లం కలపడం మంచిది. నీటి పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు అందులో పడి తడవవు. అవి నీళ్లు తాగిన తరువాత మొక్కజొన్న నూక చల్లి, ఆపైన స్టార్టర్ మేతకు, అంటే పిల్లల కోసమే తయారుచేసిన మేతకు మార్చాలి. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో ఉండే కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కనుక అది పెట్టకూడదు. మొదటి రాత్రి ఒక్కొక్క పిల్లనూ చేతిలోకి తీసుకుని మెడ కింద మేత నిలిచే సంచిని వేలితో తడమాలి. అది మెత్తగా, ఉబ్బెత్తుగా తగిలితే పిల్ల తిన్నదని అర్థం. ఖాళీగా ఉన్నదాన్ని మేత దగ్గరకు తీసుకెళ్లి మళ్లీ చూపాలి.

శుభ్రత, టీకాలు

తడిసిన ఊకను రోజూ తీసేయాలి. తేమలోనే రక్త విరేచనాల వ్యాధి పెరుగుతుంది. రెట్టలో నెత్తురు కనిపిస్తే ఆ రోజే పశువైద్యుణ్ని సంప్రదించాలి. తోక కింద రెట్ట అంటుకుని గట్టిపడితే లాగకుండా, గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో నానబెట్టి తుడిచి, ఆరేదాకా బల్బు దగ్గర ఉంచాలి.

కొక్కెర తెగులు ఒకసారి వచ్చిందంటే ఊళ్లో కోళ్లన్నీ పోవచ్చు. దానికి ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా టీకాను కంట్లో చుక్కగా వేయించి, నాలుగు వారాలప్పుడు మరోసారి వేయించాలి. రెండో వారంలో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో వ్యాధికి టీకా, ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే మళ్లీ ఆర్‌2బి అనే టీకా ఉంటాయి. ఒక సీసాలో వంద, అంతకు మించి మోతాదులుంటాయి, కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి. అందువల్ల పక్కింటివారితో కలిసి ఒకేరోజు వేయించుకోవడం మేలు. సీసాను ఐసులోనే తేవాలి.

పెరట్లోకి వదలడం

ఆరో వారం నిండి, ఒంటినిండా ఈకలు వచ్చాక మొదట గంప కిందో, వలలోనో పగటిపూట రెండు మూడు గంటలు వదలాలి. కాకి, గద్ద, పిల్లి, ముంగిస అన్నీ ఈ వయసు పిల్లల కోసమే కాచుకుని ఉంటాయి. సాయంత్రం మేతను ఎప్పుడూ గూట్లోనే, ఒకే సమయానికి, ఒకే పిలుపుతో పెడితే కొన్నాళ్లకు పొద్దుగూకే వేళకు అవే తిరిగి వస్తాయి. లెక్క సరిచూసి తలుపు వేయాలి.