అమెరికా సంబంధం కుదిరిందా? పెళ్లి కాగితాలు ఇప్పటి నుంచే దాచండి

ముహూర్తాల రోజులు మొదలైతే మన ఇళ్లలో ఊపిరి సలపదు. అబ్బాయి అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద దిగుతాడు. ఆ మూడు వారాల్లోనే బట్టలు, బంగారం, పెళ్లి, వ్రతం, అత్తారింటి భోజనాలు అన్నీ అయిపోవాలి. ఈ హడావిడిలో ఎవరికీ గుర్తురాని పని ఒకటుంది. ఈ పెళ్లి గ్రీన్‌కార్డు కోసం చేసుకున్నది కాదు, కాపురం కోసం చేసుకున్నదని రేపు ఒక వీసా అధికారి ముందు చూపించాలి. అప్పుడు కావలసినవి అప్పటికప్పుడు పుట్టవు. పెళ్లి జరుగుతుండగానే, తర్వాత రోజులు గడుస్తుండగానే దాచుకోవాలి. మా చెల్లి వీసా కోసం రెండేళ్లు ఫైలు పట్టుకుని తిరిగిన అక్కగా ఇది రాస్తున్నాను.

ముందు దారి ఎలా ఉంటుందో తెలుసుకోండి. అబ్బాయి అమెరికా పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా ఐ-130 అనే పిటిషన్ వేస్తాడు. పౌరుల భార్యాభర్తలకు ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డు వాళ్ల భార్యాభర్తలు ఎఫ్2ఎ వరుసలో వేచి ఉండాలి. పిటిషన్ ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ ఫీజులు కట్టి, డీఎస్-260 అనే వీసా దరఖాస్తు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేశాక, మన రాష్ట్రాల వాళ్లకు మామూలుగా ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ పడుతుంది. మొత్తం ఏడాది దాటడం మామూలే.

మ్యారేజ్ సర్టిఫికెట్ చూపిస్తే చాలనుకుంటారు చాలామంది. అది పెళ్లయిందని చెబుతుంది గానీ, పెళ్లి ఎందుకు చేసుకున్నారో చెప్పదు. గ్రీన్‌కార్డు కోసమే దొంగ పెళ్లి చేసుకుంటే ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా అని 1986లో అక్కడ చట్టం చేశారు. ఒకసారి దొంగ పెళ్లి అని తేలితే, తర్వాత నిజమైన పెళ్లి చేసుకున్నా ఆ మనిషి పేరు మీద పిటిషన్ ఆమోదించరు. అందుకే అంత గుచ్చి గుచ్చి అడుగుతారు. మనల్ని అవమానించడానికని అనుకోకండి.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను. చెల్లి శుభలేఖ మీద ముహూర్తం 'శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 2 గంటల 36 నిమిషాలకు' అని వేయించాం. మన లెక్కలో అది శనివారం రాత్రి పెళ్లే. గడియారం లెక్కలో ఆదివారం తేదీ వచ్చేసింది. రిజిస్ట్రేషన్‌లో ఆదివారం తేదీ పడింది, మా మరిది ఐ-130లో అదే రాశాడు. ఇంటర్వ్యూలో అధికారి పెళ్లి తేదీ అడిగితే చెల్లి ఠక్కున శనివారం తేదీ చెప్పింది. ఇంట్లో మేమందరం పెళ్లిరోజు అనుకునేది అదే మరి. చేతిలో ఉన్న శుభలేఖ మీదా శనివారం తేదీయే. సర్టిఫికెట్ మీద మాత్రం మరో తేదీ. అధికారి ఎందుకిలా అని అడిగేసరికి పిల్లకి నోరెండిపోయింది. ఇంకా రుజువులు తెమ్మని 221(జి) కాగితం చేతిలో పెట్టి పంపారు. ఫంక్షన్ హాలు రసీదు, పురోహితుడి ఉత్తరం, టైము కనిపించే ఫొటోలు, తేదీల తేడా ఎందుకొచ్చిందో వివరిస్తూ ఒక పేజీ, అన్నీ పంపాక గానీ ఆ టెన్షన్ తీరలేదు.

కాబట్టి అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉన్నవాళ్లు ఇప్పుడే ఒక మాట అనుకోండి. ఏ ఫారంలో అయినా గడియారం ప్రకారం వచ్చే తేదీయే రాయండి. శుభలేఖలో పక్కనే ఇంగ్లిషు తేదీ కూడా స్పష్టంగా వేయించండి. ఇద్దరూ ఒకే వాక్యం చెప్పగలగాలి: కార్డు ప్రకారం శనివారం రాత్రి, పన్నెండు దాటింది కాబట్టి ఆదివారం.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. నిశ్చితార్థం అవగానే ముందు రిజిస్టర్ చేయించేసి పిటిషన్ వేద్దాం, అసలు పెళ్లి ఆర్నెల్ల తర్వాత చేద్దాం అంటారు. టైము కలిసొస్తుందని ఆశ. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే జరిగిన పెళ్లిని నమోదు చేయడమే, పెళ్లి చేయడం కాదు. ఆచారం ప్రకారం పెళ్లి జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వీసాల కోసం ఇలా ముందే రిజిస్టర్ చేయిస్తున్నారన్న సంగతి కూడా ఆ తీర్పులో ఉంది. ఆగలేని పరిస్థితి అయితే గుళ్లో పది మంది మధ్య శాస్త్రోక్తంగా తాళి కట్టించి అదే తేదీతో రిజిస్టర్ చేయించండి. లేదా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి చేసుకోండి. తర్వాత పెద్ద వేడుక చేసినా ఏమీ దాచక్కర్లేదు, రెండు తేదీలూ చెప్పి కారణం చెబితే సరిపోతుంది. జరగని పెళ్లిని జరిగినట్టు తేదీ వేయించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

ఫొటోల సంగతి. స్టూడియో వాళ్లు ఇచ్చే ఆల్బమ్‌లో వధూవరులిద్దరే పొగమంచులో నడుస్తుంటారు. అధికారికి కావలసింది అది కాదు. జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు వెనక నిలబడ్డ మేనమామ, తలంబ్రాలప్పుడు నవ్వుతున్న తోడికోడళ్లు, బంతిలో కూర్చున్న ఇరువైపుల వాళ్లు కావాలి. పెళ్లిచూపుల్లో ఫోనుతో తీసిన మసక ఫొటో ఉంటే బంగారంలా దాచండి. నిశ్చితార్థం నుంచి ఇప్పటివరకు ఓ పాతిక ముప్పై ఎంచి, ఒక్కోదాని కింద తేదీ, ఊరు, ఎవరెవరున్నారో రాయండి. తెలుగు శుభలేఖకు ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. రెండు భాషలూ తనకు వచ్చునని, అనువాదం పూర్తిగా సరైనదని అనువదించినవారు సంతకం పెట్టాలి.

పెళ్లయ్యాక వేరువేరు దేశాల్లో ఉండే నెలలే అసలు కష్టం. కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్న కాగితం ఉండదు, కరెంటు బిల్లు ఉండదు. మరి కాపురం ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? ఆయన మళ్లీ వచ్చి వెళ్లిన టికెట్లు, బోర్డింగ్ పాసులు దాచండి, ఈ మధ్య అన్నిచోట్లా పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం లేదు. డబ్బు పంపితే మీ సొంత ఖాతాకే పంపమనండి. మామగారి ఖాతాకి వెళ్తే అది మీ కాగితం కాదు. ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లు మన బ్యాంకులో తెరిచే ఖాతా) భార్యను 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఆయన తర్వాత ఆమెకు చెందేలా, జత చేయవచ్చు, బ్యాంకులో అడగండి. మీరు ఉద్యోగం చేస్తుంటే పీఎఫ్‌లో నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉంటుంది, మార్చండి. ఆయన ఇన్సూరెన్స్‌లో, ఆఫీసు రికార్డుల్లో మీ పేరు ఎక్కాలి.

ఎక్కువమంది దొరికిపోయేది ట్యాక్సు దగ్గర. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే అమెరికా పన్ను లెక్కలో ఆ ఏడాదంతా పెళ్లయినవాడి కిందే లెక్క. అలవాటుగా 'సింగిల్' అని రిటర్న్ వేసేస్తే, ఇటు ఐ-130లో భార్య ఉందని, అటు ప్రభుత్వానికి లేదని చెప్పినట్టవుతుంది. భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ అనే పన్ను నంబరు తీసుకుని ఇద్దరూ కలిపి వేయొచ్చు, లేదా పెళ్లయినట్టు చూపి విడిగా వేయొచ్చు. ఇప్పటికే తప్పు వేసి ఉంటే ఇంటర్వ్యూకి ముందే సవరణ రిటర్న్ వేయించండి.

వాట్సాప్ చాట్ వందల పేజీలు ముద్రించి పట్టుకెళ్లకండి. నెలకు రెండు మూడు పేజీలు, కాల్ లాగ్ కొంత చాలు. 'భోజనం చేశావా', 'అమ్మకి బీపీ ఎలా ఉంది', 'నీ పీసీసీ (పోలీసు క్లియరెన్స్) వచ్చిందా' లాంటి మామూలు మాటలకే విలువ ఎక్కువ. మీ ఇద్దరి మధ్యే ఉండాల్సిన మాటలు, ఫొటోలు ఎవరికీ చూపించనక్కర్లేదు. ఫోను మార్చేముందు బ్యాకప్ తీయడం మరిచిపోవద్దు. మా చెల్లివి మొదటి ఐదు నెలల మాటలు అలాగే పోయాయి.

పేర్లు కూడా ఓసారి సరిచూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరం మాత్రమే, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు మన దగ్గర మామూలే. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం లేదు. సగం కాగితాల్లో మార్చి సగంలో వదిలేసే కన్నా ఉన్నది ఉన్నట్టు ఉంచడమే మేలని నా అభిప్రాయం.

ఎవరికైనా ముందు పెళ్లి అయి విడాకులు తీసుకుని ఉంటే కోర్టు డిక్రీ తప్పనిసరి. ఊళ్లో పెద్దమనుషులు రాయించిన విడాకుల కాగితం చెల్లదు. ఆ సంగతి దాచాలని అత్తింటివాళ్లు అడిగినా, పుట్టింటివాళ్లు అడిగినా ఒప్పుకోకండి. అలాగే, రుజువులు తక్కువున్నాయని కొత్త చీర కట్టించి పాత తేదీ వేసి ఫొటోలు తీయించే ఏజెంట్లున్నారు. తక్కువ రుజువులున్న నిజమైన పెళ్లిని వివరించుకోవచ్చు, ఒక్క అబద్ధం బయటపడితే నిజాలను కూడా నమ్మరు.

ముంబయి ఇంటర్వ్యూకి మామూలుగా వీసా అడుగుతున్నవాళ్లే వెళ్తారు. సంబంధం ఎవరు చెప్పారు, మొదట ఏం మాట్లాడుకున్నారు, ఆయన ఏం పని చేస్తారు, ఏ ఊళ్లో ఎవరితో ఉంటున్నారు, పెళ్లికి అటువైపు నుంచి ఎవరొచ్చారు, ఇలాంటివే అడుగుతారు. పెద్దలు కుదిర్చిన పెళ్లంటే ఏమిటో అక్కడివాళ్లకు తెలుసు. పదిహేను రోజుల్లో పెళ్లయిందని సిగ్గుపడి ఏడాదిగా ప్రేమించుకున్నామని చెప్పకండి. జవాబులు బట్టీ పట్టొద్దు, పిటిషన్‌లో ఆయన ఏం రాశారో మాత్రం ప్రతి పేజీ చదువుకుని వెళ్లండి. చాలామంది ఆడపిల్లలు ఆ ఫారం ఒక్కసారి కూడా చూడకుండా వెళ్తున్నారు. తెలియని ప్రశ్నకు తెలియదనే చెప్పండి.

వీసా వచ్చాక ఫైలు అటక మీద పెట్టేయకండి. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేసి, మళ్లీ రుజువులు చూపాలి. అప్పుడు అద్దె ఒప్పందం, ఉమ్మడి ఖాతా, కలిపి వేసిన ట్యాక్సు అన్నీ అడుగుతారు. ఒకవేళ విడాకులైనా, భర్త హింసిస్తున్నా భార్య ఒక్కతే మినహాయింపు కోరుతూ అదే ఫారం వేసుకోవచ్చు. పెళ్లి చేసుకున్న నాడు మనసు నిజమైనదా కాదా అన్నదే వాళ్లు చూసేది. అందుకే ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్ల విమానం ఎక్కేముందు ఆ ఫైలు మొత్తం స్కాన్ చేసి, అల్లుడికి తెలిసిన పాస్‌వర్డు కాకుండా పిల్ల సొంత మెయిల్‌లో ఒకటి, మీ దగ్గర ఒక కాగితాల కట్ట ఉంచండి.