తొలి కాన్పుకు ముందే తల్లిపాల సన్నాహం

పుట్టిన బిడ్డ నోట్లో మొదట ఏది పడాలన్నది మన నల్లగొండ, పాలమూరు ఇళ్లలో చాలాసార్లు పక్కనున్న పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం ఆనవాయితీ కాబట్టి, ఎనిమిదో నెల దాటకముందే ఇటు అమ్మకూ అటు అత్తమ్మకూ ఒకే మాట చెప్పి ఉంచాలి: తేనె, చక్కెర నీళ్లు, గాడిద పాలు వద్దు, ముర్రుపాలే పట్టాలి. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాంతకమైన జబ్బు తెస్తుంది. దూడకు ముర్రుపాలు తాగించనిదే ఊరుకోని ఇంట్లో బిడ్డకు వాటిని పిండి పారబోయడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. మీ మాట చెల్లకపోతే ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో ఇంటికి పిలిపించి చెప్పించండి.

తర్వాత ఆసుపత్రి సంగతి. బిడ్డ పుట్టగానే తల్లి ఎదపై పడుకోబెడతారా, గంటలోపు పాలు పట్టనిస్తారా అని నెలవారీ పరీక్షకు వెళ్లినప్పుడే అడగాలి. సిజేరియన్ అయినా, నడుముకు మత్తు ఇచ్చినప్పుడు తల్లి మెలకువగానే ఉంటుంది కనుక, బిడ్డను పట్టుకుని సాయపడేవారుంటే త్వరగానే పట్టవచ్చు. ఆ సాయం ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

చనుమొనలను సబ్బుతో రుద్దడం, లాగడం అనవసరం. అవి లోపలికి ఉన్నా, గతంలో రొమ్ముకు ఆపరేషన్ జరిగినా, షుగర్, థైరాయిడ్ ఉన్నా డాక్టరుకు చెప్పాలి. రొమ్ము పరిమాణానికీ పాలకూ సంబంధం లేదు.

అన్నిటికన్నా బాగా నేర్చుకోవలసింది పట్టించే తీరు. బిడ్డ నోరు పెద్దగా తెరిచి, గడ్డం రొమ్ముకు ఆనించి, చనుమొనతోపాటు దాని చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా వీలైనంత నోట్లోకి తీసుకోవాలి. నొప్పి ఆగకుండా ఉంటే, శుభ్రమైన చిటికెన వేలును బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి.

మొదటి రోజు బిడ్డకు ఒక్కోసారికి చెంచాడు పాలే చాలు. పాలు నిండుగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పట్టవచ్చు. ఈ వ్యవధిలోనే "పాలు పడలేదు" అంటూ ఎవరో ఒకరు డబ్బా పాలు తెస్తారు. దానికి ముందుగానే సిద్ధపడండి: రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టడమే పాలు పెరిగే మార్గం. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యాన్ని, ముఖ్యంగా పాలమూరు ఎండాకాలంలో, నేను ఒప్పుకోను. దాహమైనంత తాగాలి. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పెట్టే భోజనం, గుడ్డు, పాలు కాన్పు తర్వాత కూడా వస్తాయి కాబట్టి, తల్లిగారి ఊరి టీచరుకు మీ రాకను ముందే తెలియజేయండి.

కొనవలసినవి తక్కువ: ముందు తెరుచుకునే దుస్తులు, కొన్ని మెత్తని నూలు గుడ్డలు. పాలసీసా కొనకండి. ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. అంతకు తగ్గినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.