3,60,000 ఆప్షన్లున్న పేజీని తేలిక చేయడం

కాకినాడలో ఒక జూనియర్ కాలేజీకి జాంగోతో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నేను రాసిన అప్లికేషన్‌లో విద్యార్థుల వివరాలు సరిదిద్దే పేజీ ఒకటుంది. 240 మంది, ఒక్కొక్కరికి ఒక వరుస. "పేజీ నొక్కి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది బాబూ" అని ఆఫీసులో ఆ పని చూసే మేడమ్ ఫోన్ చేశారు. అడ్మిషన్ల రోజుల్లో పొద్దస్తమానం ఆ పేజీ ముందే కూర్చుంటారు ఆవిడ. మీ దగ్గరా ఇలాంటి ఫారం ఉంటే ఈ వరసలో చూడండి.

ముందు ఏమీ మార్చకండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో పేజీ సైజు చూడండి. లైన్ మీద కుదించి వచ్చిన సైజు వేరు, బ్రౌజర్ దాన్ని విప్పాక అయిన సైజు వేరు. నేను ఆ రెండోది చూడకుండా ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో జీజిప్ (పేజీని కుదించి పంపే పద్ధతి) ఆన్ చేసి పనైపోయిందనుకున్నాను. ఒకే మాటలు వందలసార్లు వచ్చే పేజీ కాబట్టి బాగా కుదించుకుపోయింది. మేడమ్ కంప్యూటర్‌లో మాత్రం ఎప్పటిలాగే మొరాయించింది. లైన్ మీద ఎంత చిన్నగా వచ్చినా, విప్పాక పేజీలోని హెచ్‌టీఎంఎల్ ట్యాగులన్నిటినీ బ్రౌజర్ కట్టుకోవాల్సిందే కదా.

అసలు బరువు గ్రామం డ్రాప్‌డౌన్‌ది. 1,500 ఊళ్ల జాబితా, ప్రతి వరుసలోనూ మళ్లీ మొత్తం. ఊరికో ఆప్షన్ ట్యాగు చొప్పున 240 వరుసలకి 3,60,000. పైగా యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు. "కాకినాడ" అంటే 21 బైట్లు. ట్యాగుతో కలిపి ఆప్షన్‌కి 50 బైట్లు వేసుకున్నా 18 ఎంబీ.

దీనికి నేను వాడింది డేటాలిస్ట్, అంటే టెక్స్ట్ బాక్సులో టైపు చేస్తుంటే సూచనలు చూపే హెచ్‌టీఎంఎల్ జాబితా. ఊళ్ల జాబితా పేజీలో ఒక్కసారే పెట్టి, ప్రతి వరుసలోని టెక్స్ట్ బాక్సునూ దానికే కట్టాలి. రెండక్షరాలు కొడితే ఊళ్లు వస్తాయి. రెండు జాగ్రత్తలు. కొత్తపల్లులు, రామవరాలు మనకి బోలెడు కాబట్టి ఊరి పక్కన మండలం పేరు తప్పనిసరి. డేటాలిస్ట్ బాక్సులో ఏది కొట్టినా ఒప్పుకుంటుంది కాబట్టి సర్వర్‌లో సరిచూడాలి. ఊళ్లన్నిటినీ ఒకేసారి పైథాన్ డిక్షనరీలోకి తెచ్చుకుని చూడండి, వరుసకో క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) వద్దు. ఇదే బాధ జాంగోతో పాటే వచ్చే అడ్మిన్ పేజీల్లో ఉంటే ఇంకా సులువు: టైపు చేసి వెతుక్కునే ఆటోకంప్లీట్ ఫీల్డ్స్ సదుపాయం జాంగో 2.0 నుంచీ ఉంది.

తర్వాత జాంగో డీబగ్ టూల్‌బార్ (పేజీ వెనక నడిచిన క్వెరీలు చూపే పరికరం) తెరిచి క్వెరీలు లెక్కపెట్టండి. నా పేజీలో ఏడొందలు దాటాయి. గ్రూపు పేరుకి ఒకటి, సెక్షన్ పేరుకి ఒకటి, డ్రాప్‌డౌన్‌కి ఒకటి, ఇలా వరుసకి మూడు చొప్పున. డ్రాప్‌డౌన్ తీసేయడంతో దానివి పోయాయి. గ్రూపు, సెక్షన్లకి ఫారంసెట్ (వరుసలన్నీ కలిసిన ఫారం) క్వెరీసెట్ మీద సెలెక్ట్ రిలేటెడ్ పెడితే, ఆ పేర్లు కూడా విద్యార్థుల క్వెరీతోనే వచ్చేసి మిగతావీ పోయాయి.

ఇక సేవ్ సంగతి. జాంగోలో ఒక పోస్ట్‌కి (ఫారం ఒకసారి సర్వర్‌కి పంపడానికి) మామూలుగా 1,000 ఫీల్డులే పరిమితి. వరుసకి ఐదు ఫీల్డులు, 180 మంది ఉన్నన్నాళ్లూ 900తో నడిచిపోయింది. 240 అయ్యేసరికి 1,200. మేడమ్ గంటసేపు టైపు చేసి సేవ్ నొక్కితే 400 ఎర్రర్, అంటే సర్వర్ ఫారం తీసుకోనంది. ఆ గంట పని పోయింది, ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. పీహెచ్‌పీలోనూ ఈ పరిమితి 1,000, కానీ అక్కడ హెచ్చరిక లాగ్‌లో పడి, మిగతా ఫీల్డులు చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి. అది ఇంకా ప్రమాదం. పరిమితి పెంచి ఊరుకోవడం నాకు నచ్చదు, ఎందుకంటే పొరపాటు జరిగితే పోయేది అప్పటికీ గంట పనే. పేజీకి 40 మంది చొప్పున విడగొట్టాను, అంటే 200 ఫీల్డులు. రోల్ నంబర్ వరసలోనే తీయండి, లేకపోతే ఒక పేజీలో కనిపించిన పిల్లాడు రెండో పేజీలో మళ్లీ తేలవచ్చు. కింద "సేవ్ చేసి తర్వాతి పేజీ" అని ఒకటే బటన్ పెట్టండి. విడిగా "తర్వాత" ఉంటే జనం సేవ్ చేయకుండానే నొక్కేస్తారు.

జీజిప్ ఉంచండి, నష్టం లేదు. చివరిగా మీ ల్యాప్‌టాప్‌లో చూసి సరే అనుకోకండి. క్రోమ్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూని నాలుగో వంతుకి తగ్గించి చూడండి. కుదిరితే ఆ ఆఫీసుకే వెళ్లి, వాళ్ల కంప్యూటర్ మీద, వాళ్ల పక్కన కూర్చుని ఒక పేజీ మొత్తం నింపించి చూడండి.