పాత ట్రైలర్ ఆర్‌సీ నా పేరుకి మారింది: నా అనుభవం

పెందుర్తిలో పాత ట్రాక్టర్ ట్రైలర్ కొన్నాను. డబ్బులిచ్చాక చూస్తే, ఎప్పుడో తీరిన ఫైనాన్స్ ఆర్‌సీలో ఇంకా అలాగే ఉంది. పేరు మార్చుకోడానికి నోటరీ అగ్రిమెంటు, ఏజెంటు, ట్రాక్టర్ కాగితాలు ఏవీ పనికిరాలేదు. ట్రైలర్‌కి నంబరు వేరు, ఆర్‌సీ వేరు.

ముందు అమ్మినాయన్ని వెంటబెట్టుకెళ్లి ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వాళ్లు సంతకం చేసిన ఫారం 35 (ఫైనాన్స్ ఎంట్రీ తీసేయడానికి) తీసుకున్నాం. ఆ ఎంట్రీ తీయించాకే పేరు మార్పుకి ఫారం 29 (అమ్మినట్టు తెలిపేది) రెండు కాపీలు, ఫారం 30 (మార్పు కోరే దరఖాస్తు) పెట్టాం. ఛాసిస్ నంబరు (బండి ఫ్రేమ్ మీద చెక్కి ఉండేది) అచ్చు తీద్దామంటే దాని మీద గ్రీజు, మట్టి గట్టిపడిపోయాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఆర్‌సీతో సరిపోయేదాకా ఒకటే టెన్షన్!

ఓనరు దొరికాడు, సంతకాలకి వచ్చాడు కాబట్టి నాకు కుదిరింది. ఓనరు చనిపోయి ఉంటే ఈ దారి కాదు, ముందు వారసులు తమ పేరుకి మార్చుకోడానికి ఫారం 31 పెట్టుకోవాలి.