త్రీ వే హార్న్ సిస్టమ్, మూడో పాఠం: క్రాసోవర్ ఎక్కడ పెట్టాలి

పోయిన పాఠంలో మూడు హార్న్‌ల (లోతు ధ్వనులకి బేస్, మధ్యవాటికి మిడ్, సన్నవాటికి ట్వీటర్) కొలతలు రాసుకున్నాం కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి, ఇవాళ పనంతా దాంతోనే. క్రాసోవర్ అంటే ఒక హార్న్ పని ఆపి తర్వాతి హార్న్ అందుకునే ఫ్రీక్వెన్సీ. చాలామంది బేస్ దగ్గర మొదలెట్టి పైకి వెళ్తారు, నేనైతే మిడ్ దగ్గరే మొదలెట్టమంటాను, ఎందుకంటే గొంతు పలికేది ఎక్కువగా అక్కడే, పైగా లెక్క తప్పితే ముందు దెబ్బతినేది కూడా ఆ కంప్రెషన్ డ్రైవరే, అంటే హార్న్ వెనక బిగించే స్పీకర్ యూనిట్.

టేపు తీసుకుని మిడ్ హార్న్ మూతి కొలవండి. గుండ్రటి మూతి, వ్యాసం 36 సెంటీమీటర్లు అనుకుందాం, చుట్టుకొలత 1.13 మీటర్లు వస్తుంది. ధ్వని వేగం సెకనుకి 344 మీటర్లు, దాన్ని 1.13తో భాగిస్తే దాదాపు 300 హెర్ట్జ్. ఫ్లేర్, అంటే హార్న్ వెడల్పయ్యే తీరు, కూడా దానికి తగ్గట్టే ఉంటే కటాఫ్, అంటే హార్న్ పనిచేసే కింది హద్దు, అక్కడే. కానీ క్రాసోవర్ అక్కడ పెట్టకూడదు, కటాఫ్ దగ్గరికొచ్చేసరికి హార్న్ డ్రైవర్‌కి లోడ్ (గాలి ఆనిక) ఇవ్వడం మానేస్తుంది, రెస్పాన్స్ ఎగుడుదిగుడు అవుతుంది. ఒకటిన్నర రెట్లు, అంటే 450, కనీసం ఉండాలి, రెట్టింపు 600 అయితే నిశ్చింత.

ఇప్పుడు డ్రైవర్ డేటాషీట్ చూడండి. అందులో 800 కంటే కింద వాడొద్దని ఉంటే మీ లెక్క 600 వచ్చినా సరే 800కే కట్టుబడాలి, ఎందుకంటే అదే సౌండ్ లెవెల్‌కి ఫ్రీక్వెన్సీ సగం చేస్తే డయాఫ్రమ్ (డ్రైవర్‌లో కదిలే పలుచని పొర) కనీసం రెట్టింపు కదలాలి. చిన్న వాల్యూమ్‌లో 500 దగ్గర కూడా హాయిగానే వినిపిస్తుంది, నేనూ అలాగే నమ్మి ఒక డయాఫ్రమ్ పగలగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సరే, 800 అన్నాం, మరి బేస్ హార్న్ అక్కడిదాకా వస్తుందా? మడత హార్న్ అయితే మలుపు దగ్గర లోపలి దారి, బయటి దారి రెండూ కొలవండి. తేడా 20 సెంటీమీటర్లు ఉంటే అది 860 హెర్ట్జ్‌కి సగం తరంగదైర్ఘ్యం, అక్కడ రెండు దారుల్లో వచ్చిన ధ్వని ఒకదాన్నొకటి కొట్టేసుకుని గుంట పడుతుంది, సరిగ్గా మన క్రాసోవర్ పక్కనే. ఇలాంటప్పుడు ఫిల్టర్ ఎంత తిప్పినా లాభం లేదు, ఇంకా కిందకి వచ్చే మిడ్ డ్రైవర్, దానికి తగ్గ పెద్ద హార్న్ చూసుకోవాల్సిందే.

పై క్రాసోవర్‌కి ఇంత గొడవ లేదు. 4 అంగుళాల డయాఫ్రమ్ ఉన్న మిడ్ అయితే 5 నుంచి 7 కిలోహెర్ట్జ్ మధ్య ట్వీటర్‌కి అప్పగించండి. 6 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 5.7 సెంటీమీటర్లే కాబట్టి ట్వీటర్‌ని మిడ్‌కి వీలైనంత దగ్గరగా, నిలువుగా పైన పెట్టండి, పక్కన వద్దు, పక్కన పెడితే తల కాస్త అటూ ఇటూ జరిగినా సౌండ్ మారిపోతుంది.

వచ్చే పాఠం డిలే మీద, అంటే ఒక హార్న్ ధ్వని ఇంకోదాని కంటే ఆలస్యంగా రావడం మీద. బేస్ దారి 1.5 మీటర్లు, మిడ్ దారి 30 సెంటీమీటర్లు అయితే బేస్ 3.5 మిల్లీసెకన్లు లేటు. మీ హార్న్‌లకి ఆ తేడా ఎంతో లెక్కేసి ఉంచండి.