మ్యాచ్ రిపోర్టు రాద్దాం - 6వ పాఠం: రికార్డుకి చెక్కుబందీ

అయిదో పాఠం చివర తప్పు నాదే. సౌతాంప్టన్-లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోల్స్ పడిన నిమిషాలన్నీ వరసగా ఇచ్చి, 'దీన్ని 150 పదాల్లో రిపోర్టు చేయండి' అన్నాను. వరసగా ఇస్తే వరసగానే రాస్తారు కదా. వచ్చిన కాపీల్లో సగానికి పైగా '10వ నిమిషంలో చిల్‌వెల్, 17వ నిమిషంలో టీలెమాన్స్, 19వ నిమిషంలో పెరెజ్' అంటూ రైల్వే టైంటేబుల్‌లా సాగాయి. మిగతావాటిలో కొన్ని 'ఊచకోత'తో మొదలయ్యాయి. రెండింట్లో 'గోల్స్ సునామీ' వచ్చింది. ఒకరు మాత్రం క్యాలెండర్ తిరగేసి, ఆ మ్యాచ్ దీపావళికి రెండు రోజుల ముందు జరిగిందని పట్టుకుని, 'లెస్టర్‌కు ముందే దీపావళి' అని హెడ్డింగ్ పెట్టారు. అది నాకు నచ్చింది. ఇంట్రోలో కూడా అదే మాట మళ్లీ వాడకుండా ఉంటే ఇంకా నచ్చేది.

కాబట్టి ఈ వారం చెప్పాల్సిన 'కోచ్ మాటల్ని కాపీలో ఇమడ్చడం' వాయిదా. ఇంకో వారం ఆ మ్యాచ్ దగ్గరే ఉందాం.

మ్యాచ్ ఇదీ. 2019 అక్టోబరు 25, శుక్రవారం రాత్రి, సౌతాంప్టన్‌లోని సెయింట్ మేరీస్ స్టేడియం, జోరు వాన. సౌతాంప్టన్ 0, లెస్టర్ సిటీ 9. పెరెజ్ మూడు (19, 39, 57), వార్డీ మూడు (45, 58, 90+4 పెనాల్టీ), చిల్‌వెల్ (10), టీలెమాన్స్ (17), మాడిసన్ (85) ఒక్కోటి. 12వ నిమిషంలో సౌతాంప్టన్ డిఫెండర్ బెర్‌ట్రండ్‌కు రెడ్ కార్డు. సగం ఆటకి 0-5.

స్కోరు ఏ వాక్యంలో పెట్టాలి, వేదిక ఎక్కడ రాయాలి వంటివి చెప్పను. అవి ఇప్పటికి వచ్చేసి ఉండాలి.

పై లెక్కలో 10, 12 అనే అంకెల్ని చూడండి. టైంటేబుల్ కాపీలన్నీ వీటిని రెండు సంఘటనలుగా రాశాయి. పదో నిమిషంలో గోల్ పడిందట, 'ఆ షాక్ నుంచి తేరుకోకముందే' 12వ నిమిషంలో రెడ్ కార్డు వచ్చిందట. నిజానికి అవి రెండూ ఒకే ఎత్తుగడలోవి. లెస్టర్ ముందుకు వస్తుండగా బెర్‌ట్రండ్ పెరెజ్ కాలి మీదికి వెళ్లాడు. రిఫరీ ఆట ఆపలేదు. బంతి బార్న్స్ దగ్గరికి వెళ్లింది, అతని షాట్‌ను గోల్‌కీపర్ గన్ తోసేశాడు, తోసిన బంతి చిల్‌వెల్ కాళ్ల దగ్గర పడింది, గోల్. ఆ తర్వాత వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయం చేసే బృందం) వెనక్కి వెళ్లి ఆ టాకిల్‌ను చూసింది, బెర్‌ట్రండ్ బయటికి. అంటే సౌతాంప్టన్ ఒకే దెబ్బకి గోలూ ఇచ్చుకుంది, మనిషినీ పోగొట్టుకుంది. మిగిలిన ఎనభై నిమిషాల కథకి తాళంచెవి అదే. నిమిషాల పట్టికలో ఆ రెండింటి మధ్య ఒక కామా మాత్రమే ఉంటుంది. ఏకపక్షంగా సాగిన మ్యాచ్‌లో మనం వెతకాల్సింది అలాంటి కామాల్ని.

ఇంకో చోటు కూడా ఉంది, ఎవరూ చూడలేదు. 58వ నిమిషానికి 7-0. తర్వాతి గోల్ 85లో. మధ్యలో 27 నిమిషాలు ఖాళీ. అక్కడ ఆట ఆగిపోలేదు, రికార్డు ఆగింది. 8-0 దగ్గర ఫైనల్ విజిల్ వేసి ఉంటే అది మరో పెద్ద గెలుపు మాత్రమే అయ్యేది, దాని మీద నేను రెండు పాఠాలు ఖర్చు పెట్టేవాణ్ణి కాదు. 90 నిమిషాల తర్వాత కలిపిన ఇంజురీ టైంలో వార్డీ కొట్టిన పెనాల్టీ వల్లే ఇదంతా. మరి ఇంట్రో ఆ పెనాల్టీతో మొదలుపెట్టాలా, రెడ్ కార్డుతోనా? పెనాల్టీతో మొదలుపెట్టినా తప్పులేదు. నేనైతే రెడ్ కార్డుకే ఓటేస్తాను. గోల్స్ కంటే ముందు కారణం రాయడం నా అలవాటు, మీరు పాటించాలని లేదు.

ఇక అసలు చిరాకు దగ్గరికి వద్దాం. కాపీల్లో 'రికార్డు' అన్న మాట ఎలా వచ్చిందో చూడండి. 'ఫుట్‌బాల్ చరిత్రలోనే అతిపెద్ద విజయం' అని ఒకరు. 'రికార్డులన్నీ బద్దలు' అని ఇంకొకరు. అన్నిటికంటే నన్ను కదిలించింది ఇది: 'రికార్డును సమం చేసి సరికొత్త చరిత్ర సృష్టించింది'. సమం చేస్తే సరికొత్తది ఎలా అవుతుందండీ? ముందే ఒకరు కూర్చున్న బెంచీ మీద పక్కన చోటు చూసుకుని కూర్చోవడం అది.

పొలం రిజిస్ట్రేషన్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు. దస్తావేజులో 'రెండెకరాలు' అని రాస్తే చాలదు, చెక్కుబందీ రాయాలి. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ డొంక, పడమట ఏ కాలువ, ఉత్తరాన ఏ గట్టు. నాలుగు హద్దులూ లేకపోతే ఆ రెండెకరాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. రికార్డుకి కూడా నాలుగు హద్దులు. ఏ పోటీలో? ఎప్పటి నుంచి? సొంత మైదానమా, ప్రత్యర్థి మైదానమా, ఎక్కడైనానా? కొలిచింది గోల్స్ సంఖ్యనా, తేడానా? నేను కాపీ దిద్దేటప్పుడు 'రికార్డు' మాట కనిపిస్తే మార్జిన్‌లో 'చె.బం.' అని రాస్తాను. ఇకనుంచి మీ కాపీల మీద కూడా అదే కనిపిస్తుంది.

ఇప్పుడు లెస్టర్ గెలుపుకి హద్దులు పెడదాం. ప్రీమియర్ లీగ్, 1992 నుంచి, మైదానం ఎవరిదైనా సరే, తేడా లెక్క. ఇందులో అప్పటిదాకా పెద్దది 9-0. 1995 మార్చి 4న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఇప్స్‌విచ్ టౌన్‌ని అలా ఓడించింది, ఆండీ కోల్ ఒక్కడే అయిదు కొట్టాడు. కాబట్టి లెస్టర్ చేసింది: సమం.

రెండో హద్దు జరపండి. 1992 కాదు, 1888. ప్రీమియర్ లీగ్ పుట్టక ముందు కూడా ఇంగ్లండ్‌లో అగ్రశ్రేణి డివిజన్ ఉంది, పేరు వేరు, మెట్టు అదే. అక్కడ అతిపెద్ద గెలుపు 12-0, అదీ రెండుసార్లు. 1892లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ డార్వెన్ మీద, 1909లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ లెస్టర్ ఫాస్ మీద. ఈ లెస్టర్ ఫాస్ ఎవరో కాదు, మన లెస్టర్ సిటీకి 1919 దాకా ఉన్న పేరు. అంత ఘోరంగా ఎందుకు ఓడారని లీగ్ విచారణ జరిపితే, ఆటగాళ్లు అంతకుముందు సహచరుడి పెళ్లి సంబరాల్లో మునిగి తేలారని బయటపడింది. ఈ హద్దుల్లో 9-0 దరిదాపుల్లో కూడా లేదు.

ఇప్పుడు మూడో హద్దు జరపండి. 1888 నుంచే, కానీ ప్రత్యర్థి మైదానంలో గెలుపులు మాత్రమే. అక్కడ పాత రికార్డు ఎనిమిది గోల్స్ తేడా. 1908లో న్యూకాజిల్ వెళ్లి సండర్లాండ్ 9-1తో గెలిచింది, 1955లో కార్డిఫ్ వెళ్లి వోల్వ్స్ 9-1తో గెలిచింది. లెస్టర్ తేడా తొమ్మిది. కాబట్టి ఇక్కడ: బద్దలు.

ఒకే మ్యాచ్, ఒకే స్కోరు. ఒక చెక్కుబందీలో సమం, ఒకదాంట్లో లెక్కలోకి రాదు, ఒకదాంట్లో బద్దలు. మూడూ నిజమే. హద్దులు రాయకుండా 'రికార్డు' అంటే మూడింట్లో మీరు ఏది చెప్పారో మీకూ తెలీదు, చదివేవాడికీ తెలీదు.

ఇంకా గందరగోళంగా ఉంటే మన జిల్లాలనే చూడండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు చీలాయి. ఆ తర్వాత ఏ విలేకరైనా 'జిల్లా చరిత్రలోనే అత్యధిక వర్షపాతం' అని వార్త పంపితే డెస్కులో మొదటి ప్రశ్న 'ఉమ్మడి జిల్లానా, కొత్తదా?' అనే. కొత్త జిల్లా వయసు మూడేళ్లయితే చరిత్ర కూడా మూడేళ్లే. ప్రీమియర్ లీగ్ కొత్త జిల్లా. 1888 నుంచి ఉన్నది ఉమ్మడి జిల్లా. వానల విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనం ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు జారిపోతామో నాకు అర్థం కాదు.

ఒకరు 149-0 పట్టుకొచ్చారు, 'దీని ముందు 9-0 ఎంత?' అని. అది మడగాస్కర్‌లో 2002లో జరిగింది. రిఫరీ నిర్ణయాలకు నిరసనగా ఒక జట్టు సొంత గోల్‌లోకే 149 సార్లు బంతి తన్నుకుంది. 1885లో స్కాటిష్ కప్‌లో ఆర్‌బ్రోత్ కొట్టిన 36-0 కూడా ఉంది. అవి వేరే ఊరి పొలాలు. మన దస్తావేజులోకి రావు.

నాలుగో హద్దు దగ్గర నేనే జారాను, అదీ చెబుతాను. 2009 నవంబరులో టోటెన్‌హామ్ విగాన్‌ను 9-1తో ఓడించింది. తొమ్మిది అంకె చూడగానే నా చెయ్యి ఆగలేదు, 'యునైటెడ్ రికార్డు సమం' అని రాసేశాను. పేజీ వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, 'బాబూ, తొమ్మిదిలోంచి ఒకటి తీసేస్తే ఎంత?' అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేశారు. గోల్స్ సంఖ్యలో సమమే, గెలుపు తేడాలో కాదు. విచిత్రం ఏమిటంటే ఆ మ్యాచ్‌లో నిజంగా సమమైన రికార్డు ఇంకొకటుంది. డిఫో అయిదు గోల్స్ కొట్టి ఆండీ కోల్, అలన్ షియరర్‌ల సరసన చేరాడు. దాన్ని చివరి పేరాలో ఎక్కడో పడేశాను.

ఒక చిన్న సంగతి, రోజు గురించి. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలైతే మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. వార్డీ పెనాల్టీ కొట్టేసరికి ఇక్కడ శనివారం తెల్లవారుజామున రెండు దాటింది. కొందరు 'శుక్రవారం', కొందరు 'శనివారం' రాశారు, ఒకరు రెండూ రాశారు. మ్యాచ్ జరిగిన ఊళ్లో ఏ రోజో అదే రాయండి. అలాగే 'లీసెస్టర్' వద్దు, 'లెస్టర్'. పేపర్లలో అలా వస్తోందని నాకూ తెలుసు. నా పాఠంలో మాత్రం లెస్టరే.

నేను రాస్తే ఇంట్రో ఇలా ఉంటుంది:

'పదో నిమిషంలో గోల్ ఇచ్చుకున్న సౌతాంప్టన్, అదే ఎత్తుగడలో ఒక ఆటగాణ్ణి కూడా పోగొట్టుకుంది. మిగిలిన పదిమంది వానలో ఇంకో ఎనిమిది గోల్స్ ఇచ్చారు. శుక్రవారం రాత్రి సెయింట్ మేరీస్‌లో లెస్టర్ సిటీ 9-0తో గెలిచి, ప్రీమియర్ లీగ్‌లో అతిపెద్ద గెలుపు తేడా రికార్డును 24 ఏళ్ల తర్వాత సమం చేసింది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి డివిజన్‌లో 1888 నుంచి ప్రత్యర్థి మైదానంలో ఇదే అతిపెద్ద గెలుపు.'

'చిత్తు' లేదు, 'ఊచకోత' లేదు. 9-0 అన్న అంకె అరుస్తూనే ఉంది, పక్కన మనం కూడా అరవక్కర్లేదు. పెరెజ్, వార్డీల హ్యాట్రిక్‌లు రెండో పేరాలో వస్తాయి. ఒకే జట్టు తరఫున ఒకే మ్యాచ్‌లో ఇద్దరు హ్యాట్రిక్ కొట్టడం ప్రీమియర్ లీగ్‌లో అది రెండోసారి. మొదటిది 2003లో ఆర్సెనల్ నుంచి పెనంట్, పిరెస్. అప్పుడు కూడా ఎదురున్నది సౌతాంప్టనే.

ఇద్దరు ముగ్గురు తమ రిపోర్టు చివర, సౌతాంప్టన్ ఆటగాళ్లు, సిబ్బంది ఆ రోజు జీతాన్ని క్లబ్ ఫౌండేషన్‌కి ఇచ్చేశారని, జనవరిలో లెస్టర్ వెళ్లి 2-1తో గెలిచారని కూడా రాశారు. నిజాలే, మంచి సంగతులే. కానీ మీరు రాస్తున్నది ఆ రాత్రి. జనవరి ఇంకా రాలేదు.

అభ్యాసం. ఈసారి వరస చెదరగొట్టి ఇస్తున్నాను, మళ్లీ టైంటేబుల్ రాకూడదు. 2021 ఫిబ్రవరి 2, ఓల్డ్ ట్రాఫర్డ్, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేరు. మాంచెస్టర్ యునైటెడ్ 9, సౌతాంప్టన్ 0. మార్షియల్ 69, 90. బెడ్నారెక్ సొంత గోల్ 34. డేనియల్ జేమ్స్ 90+3. రాష్‌ఫర్డ్ 25. కవానీ 39. బ్రూనో ఫెర్నాండెజ్ పెనాల్టీ 87. వాన్-బిసాకా 18. మెక్‌టామినే 71. రెడ్ కార్డులు: ప్రీమియర్ లీగ్‌లో తొలిసారి మొదటి పదకొండు మందిలో ఆడుతున్న 19 ఏళ్ల యాంకెవిట్జ్‌కు 2వ నిమిషంలో, బెడ్నారెక్‌కు 86లో.

90 పదాలు. ఇరవై నిమిషాలు, ఫోన్లో అలారం పెట్టుకుని. 'తొమ్మిది' ఒక్కసారే రావాలి. 'చరిత్ర' రాకూడదు. రికార్డుకి నాలుగు హద్దులూ ఉండాలి, అందులో ఎవరు ఎవరిని సమం చేశారో జాగ్రత్త, ఇక్కడ జవాబు కాస్త తమాషాగా ఉంటుంది. లివర్‌పూల్ 2022లో బోర్న్‌మత్‌ను ఇదే తేడాతో ఓడించిన సంగతి రాస్తే కాపీ తిప్పి పంపుతాను. బెడ్నారెక్ రెడ్ కార్డు తర్వాత అప్పీల్లో రద్దయింది. అది మీకు ఇప్పుడు తెలుసు, ఆ రాత్రి డెస్కులో కూర్చున్న మీకు తెలీదు.